ఉప్పెన అల కాదు

వేడి టీని సాసర్లో పోసుకుని ఊదే అలవాటున్నవాళ్ళకి ఈ సంగతి కొత్త కాదు. కాస్త గట్టిగా ఊదితే టీ అంతా అవతలి అంచుకి చేరి గుట్టలా నిలబడుతుంది. ఇంకాస్త ఊదితే అంచు దాటి ఒళ్ళో పడుతుంది. అదే టీని లోతైన గ్లాసులో ఉంచి బుగ్గలు నొప్పిపుట్టేలా ఊదినా పైన చిన్న గుంట పడుతుందే తప్ప చుక్క ఒలకదు.

ఈ సాసరు సంగతి కాసేపు గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

తుపాను వస్తోందంటే మనం అడిగేవి రెండే ప్రశ్నలు. గాలి గంటకి ఎన్ని కిలోమీటర్లు? ఎక్కడ తీరం దాటుతుంది? టీవీల్లోనూ ఈ రెండే తిప్పి తిప్పి చెబుతారు. రెండిటికీ సరైన జవాబే దొరికినా సముద్రం ఒడ్డున ఉన్న మనిషికి తన సంగతేమిటో తెలీదు. బంగాళాఖాతం తుపాన్లలో పోయిన ప్రాణాల్లో ఎక్కువ భాగం గాలికి పోలేదు, నీళ్ళకి పోయాయి. 1970 నవంబరులో ఇప్పటి బంగ్లాదేశ్ తీరంలో మూడు లక్షలమందికి పైగా చనిపోయారంటే గాలికి ఇళ్ళు కూలి కాదు. సముద్రం ఊళ్ళ మీదుగా నడిచింది కాబట్టి. దానికి మన భాషలో ఎప్పటినుంచో పేరుంది: ఉప్పెన.

పేరుండటం చిన్న విషయమేం కాదు. 2013 నవంబరు 8న హయాన్ తుపాను ఫిలిప్పీన్స్‌లోని టాక్లోబాన్ నగరాన్ని ముంచినప్పుడు హెచ్చరికలు ముందే వచ్చాయి. అందులో ఉప్పెన గురించి కూడా చెప్పారు. అయితే చెప్పింది ఇంగ్లీషు మాటలో. అదేమిటో జనానికి అర్థం కాలేదు. గాలికి తట్టుకునే ఇల్లు చూసుకుని లోపల కూర్చున్నారు. ఆ తుపాను మొత్తం మీద ఆరువేలమందికి పైగా పోయారు. తర్వాత బతికినవాళ్ళు చాలామంది ఒకటే మాట అన్నారు: సునామీ అని చెప్పి ఉంటే పరిగెత్తేవాళ్ళం.

మన దగ్గర మాటుంది, వాడకమే తగ్గిపోయింది. వాతావరణ శాఖ బులెటిన్‌లో నీళ్ళ గురించి రెండు వేర్వేరు సంగతులుంటాయి. ఒకటి, నడి సముద్రంలో, తీరం దగ్గర అలలు ఎంత ఎత్తున లేస్తాయన్నది. రెండోది, మామూలు పోటు మట్టం కన్నా సముద్రం ఎంత పైకి లేచి పల్లపు ప్రాంతాల్లోకి వస్తుందన్నది. ఈ రెండోదే ఉప్పెన. టీవీ స్క్రోలింగ్‌కి వచ్చేసరికి రెండూ కలిసిపోయి ‘మీటరు ఎత్తున ఎగసిపడనున్న అలలు’ అవుతుంది. మీటరు అలంటే పిల్లలు బీచిలో దూకి ఆడుకునేది. మీటరు ఉప్పెనంటే సముద్రం మొత్తం మీటరు పైకి లేచి, దాని మీద మళ్ళీ అలలు. అల వస్తుంది, విరుగుతుంది, వెనక్కి పోతుంది. ఉప్పెన వస్తూనే ఉంటుంది, గంటల తరబడి. కిలోమీటరుకి అరమీటరు వాలైనా లేని డెల్టా నేలలో మీటరు నీళ్ళు ఎంత దూరం పోతాయో లెక్కేసుకోండి.

సునామీతోనూ దీన్ని కలిపేస్తుంటారు. రెండూ సముద్రం ఊళ్ళోకి రావడమే అయినా పుట్టుక వేరు. సునామీ సముద్రగర్భంలో నేల కదిలితే పుడుతుంది, ఆకాశం నిర్మలంగా ఉన్నా వస్తుంది. 2004 డిసెంబరు 26 అలాంటి రోజే. ఆదివారం, పైగా పౌర్ణమి. మంగినపూడిలో సముద్ర స్నానాలకి దిగినవాళ్ళకి పైన మబ్బు కూడా కనిపించలేదు. ఉప్పెన అలా దొంగదెబ్బ తీయదు. తుపానుతోనే వస్తుంది, ముందు రోజు నుంచే సూచనలుంటాయి. మరి అంతమందిని ఎలా చంపుతుంది? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

సముద్రాన్ని పైకి లేపేవి రెండు. మొదటిది పీడనం. తుపాను కేంద్రంలో గాలి బరువు తగ్గుతుంది కాబట్టి కింద నీరు ఉబుకుతుంది. స్ట్రాతో కొబ్బరినీళ్ళు పీల్చినట్టని చాలామంది దీన్నే ఉప్పెనకి కారణంగా చెబుతారు. లెక్క చూస్తే ఇది చిన్న భాగమే. ఒక మిల్లీబారు పీడనం తగ్గితే నీరు ఒక సెంటీమీటరు లేస్తుంది. 1977 దివిసీమ తుపాను కేంద్రంలో పీడనం 943 మిల్లీబార్లకి పడిపోయిందని అంచనా. మామూలుగా ఉండేది 1010 దరిదాపు. అంటే తేడా 67 సెంటీమీటర్లు, మోకాలు దాటి కాస్త పైకి. కానీ ఆ రోజు దివిసీమ మీదికి వచ్చింది అయిదు మీటర్ల నీరు. మిగతా నాలుగు మీటర్ల పైచిలుకు ఎక్కడిది?

గాలిది. ఇక్కడే సాసరు. తుపాను గాలి గంటల తరబడి సముద్రం పైపొరని ఒడ్డు వైపుకి తోస్తూ ఉంటుంది. లోతున్నచోట ఆ నీరు అడుగు నుంచి వెనక్కి తిరిగిపోతుంది, గ్లాసులో టీ లాగా. ఒడ్డు దగ్గర సముద్రం పల్చబడ్డాక అడుగున తిరిగిపోవడానికి చోటుండదు. వెనక నుంచి తోపు ఆగదు. ఇంక నీటికి మిగిలిన దారి ఊరొక్కటే.

ఈ తోపు గాలి వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 1977 నాటిది తీరం దాటింది కూడా దాదాపు అక్కడే, చీరాల దగ్గర. మిచాంగ్ గాలి గంటకి 90 నుంచి 100 కిలోమీటర్లు, 1977లో 200 దాటింది. గాలి సగం, తోపు నాలుగో వంతు. పైగా మిచాంగ్ తీరం వెంబడి పైకి పాక్కుంటూ వచ్చింది, 1977 నాటిది సముద్రం మీంచి నేరుగా దూసుకొచ్చింది. మిచాంగ్‌ని చూసి ‘బాపట్ల దగ్గర తుపానంటే ఇంతేగా’ అనుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ అనుకోవడం దగ్గరే నాకు భయం.

1977 నవంబరు 19, శనివారం. తుపాను దాటింది చీరాల దగ్గరైతే దివిసీమ ఎందుకు మునిగింది? చీరాల నుంచి దివిసీమలోని అవనిగడ్డకి గీత గీసినా అరవై కిలోమీటర్ల పైనే. మ్యాపులో తుపాను గుర్తు పడిన చోటికీ శవాలు తేలిన చోటికీ మధ్య అంత దూరం ఉంది.

మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముళ్ళకి ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. తుపాను తూర్పు నుంచి మన తీరానికి వస్తోందనుకోండి. దాని వెనకాల నిలబడి అది పోయే వైపు చూస్తే, కుడిచేతి పక్కన గాలి సముద్రం మీంచి నేల మీదికి వీస్తుంది. తుపాను తాను కదిలే వేగం కూడా ఆ గాలికే కలుస్తుంది. ఎడంచేతి పక్కన గాలి నేల మీంచి సముద్రంలోకి. కుడి పక్కన నీరు ఊళ్ళ మీద పడుతుంటే ఎడమ పక్కన సముద్రం వెనక్కి పోతుంది. 2017లో ఇర్మా తుపాను వచ్చినప్పుడు అమెరికాలోని టాంపా అఖాతంలో నీళ్ళు వెనక్కి పోయి అడుగు బయటపడితే జనం అందులో దిగి తిరిగారు. మన తూర్పు తీరంలో కుడిచేయంటే ఉత్తరం, ఈశాన్యం. చీరాలకి ఆ వైపు ఉన్నదే దివిసీమ. కాబట్టి ‘మా ఊళ్ళో దాటడం లేదులే, దక్షిణంగా పోతోంది’ అన్నది ఊరట కలిగించే వార్త కాదు. ఎంత దక్షిణంగా అన్నదాన్ని బట్టి అది అన్నిటికన్నా చెడ్డ వార్త కావచ్చు.

ఇది తెలిశాక రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు కొత్తగా కనిపిస్తాయి. ‘మచిలీపట్నంలో తొమ్మిదో నంబరు’ అని పేపర్లో చదివి, పదికి ఒకటి తక్కువే కదా అనుకుంటాం. ఇవి పరీక్ష మార్కులు కావు. 5, 6, 7 నంబర్లు తుపానుకి, 8, 9, 10 తీవ్ర తుపానుకి. ఒక్కో మూడింటిలో మొదటిదానికి అర్థం, రేవు తుపాను దారికి ఎడమ పక్కన ఉంటుందని. రెండోదానికి కుడి పక్కన ఉంటుందని. మూడోదానికి తుపాను రేవు మీంచో, మరీ దగ్గరగానో పోతుందని. 11 వేశారంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఈ నంబర్లు పుట్టింది ఓడ కెప్టెన్ల కోసం. గాలి ఏ పక్క నుంచి తిరగబోతోందో తెలిస్తే లంగరు ఎలా వేసుకోవాలో, రేవు వదిలి పోవాలో వాళ్ళే తేల్చుకుంటారు. నేల మీదున్న మనకి వీటిలో పనికొచ్చే కబురు ఒకటే. 8కీ 9కీ మధ్య తేడా ఒక మెట్టు కాదు, పక్క మారడం. సముద్రం వెనక్కి పోయే పక్క నుంచి ఊళ్ళోకి వచ్చే పక్కకి. ఈ మాట ఏ చానెల్లోనూ ఎవరూ చెప్పగా నేను వినలేదు.

గాలి, పక్క అయ్యాయి. ఇక లోతు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదికి వచ్చింది. కేంద్రంలో పీడనం 950 మిల్లీబార్లు, 1977తో పోలిస్తే ఏడే తేడా. గాలి 180 దాటింది. నగరంలో చెట్టన్నది మిగల్లేదు, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. మరి సముద్రం? విశాఖ రేవులో నీటిమట్టం కొలిచే పరికరం దగ్గర ఉప్పెన సుమారు 1.4 మీటర్లు. దివిసీమలో అయిదు మీటర్లు తెచ్చినదానికి దాదాపు సరితూగే తుపాను విశాఖలో మనిషి ఛాతీ ఎత్తు నీరు తెచ్చి ఊరుకుంది. విశాఖ దగ్గర ఒడ్డు దిగితే కాసేపటికే లోతు. అది గ్లాసు. కృష్ణ మొగ నుంచి నిజాంపట్నం మీదుగా పడమరకి సముద్రం పల్చన. నది వేల ఏళ్ళు తెచ్చి పోసిన ఒండ్రు మీద నీరు పరుచుకుని ఉంటుంది. అది సాసరు. దానికి తోడు డెల్టా సముద్రంలోకి ముందుకు పొడుచుకొచ్చి, దాని పక్కన తీరం లోపలికి వంగి ఉంటుంది. తోసుకొచ్చిన నీరు ఆ వంపులో ఇరుక్కుంటుంది. ఒంగోలుకీ మచిలీపట్నానికీ మధ్య తీరాన్ని దేశంలో ఉప్పెన ముప్పు బాగా ఎక్కువున్నచోట్లలో ఒకటిగా లెక్కేసేది ఇందుకే.

ఆటుపోట్ల సంగతి తొందరగా చెప్పేస్తాను. మన తీరంలో ఆటుకీ పోటుకీ తేడా మహా అయితే మీటరున్నర. ఉప్పెన పోటు మీద వస్తే, ఆటులో వచ్చినదాని కన్నా నీరు ఆ మీటరున్నర దాకా ఎత్తున ఉంటుంది. బెంగాల్ వైపు ఈ తేడా నాలుగైదు మీటర్లుంటుంది కాబట్టి అక్కడ తుపాను మూడు గంటలు ముందొచ్చిందా వెనకొచ్చిందా అన్నదాని మీద వేల ప్రాణాలు ఆధారపడతాయి. మన దగ్గర అంత లేదు. అంటే మనకి ‘మంచి వేళ’ అన్నది కూడా పెద్దగా లేదు.

పాత లెక్కలు తిరగేస్తే ఈ తీరం ఎన్నిసార్లు మునిగిందో కనిపిస్తుంది. 1789 డిసెంబరులో కోరంగి. వరసగా మూడు పెద్ద నీటి తాకిళ్ళు వచ్చి రేవు కొట్టుకుపోయిందని, ఇరవై వేలమంది పోయారని రాశారు. 1839 నవంబరులో మళ్ళీ కోరంగే. దీని గురించి ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా మూడు లక్షలమంది చనిపోయారని, ఇరవై వేల ఓడలు మునిగాయని ఉంటుంది. ఆ అంకెల్ని నేను నమ్మను. ఆ రోజుల్లో గోదావరి మొగలో ఒక రేవు పట్నానికి అంత జనం, అన్ని ఓడలు ఎక్కడివి? ఒకచోట పడిన తప్పుని అందరూ ఎత్తి రాసుకున్నట్టుంది. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం ఉప్పెనలో మాత్రం ముప్పై వేలమంది పోయారన్నది సర్కారు రికార్డులకెక్కిన లెక్క. కొన్నిచోట్ల సముద్రం పదిహేడు మైళ్ళ లోపలికి వచ్చింది. డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు పోటీపడి వర్తకం చేసిన బందరు ఆ దెబ్బతో చితికిపోయింది.

ఇంగ్లీషులో ‘సైక్లోన్’ అన్న మాట పుట్టింది ఈ బంగాళాఖాతం గురించే ఆలోచిస్తూ. కలకత్తాలో ఓడ ప్రమాదాలు విచారించే కోర్టుకి అధ్యక్షుడుగా ఉన్న హెన్రీ పిడింగ్టన్ ఓడల లాగ్ పుస్తకాలు పోగేసి, గాలి తిరిగే తీరు గమనించి, పాము చుట్టకి గ్రీకు మాట తీసుకుని ఈ పేరు పెట్టాడు. కోరంగి ఉప్పెన సంగతి మనదాకా రావడంలోనూ ఆయన పాత్ర ఉంది. 1853లో ఆయన గవర్నర్ జనరల్‌కి ఒక లేఖ రాశాడు. కలకత్తాకి దక్షిణంగా మాట్లా నది ఒడ్డున మీరు కట్టబోతున్న కొత్త రేవుని ఏదో ఒకరోజు తుపాను నీళ్ళు ముంచేస్తాయి, కట్టొద్దని. పట్టించుకోలేదు, కట్టారు, కానింగ్ అని పేరు పెట్టుకున్నారు. 1867లో వచ్చిన తుపాను, దానితో లేచిన నీరు కలిసి రేవుని పాడుచేశాయి. తర్వాత దాన్ని వదిలేశారు. పిడింగ్టన్ అది చూడలేదు, అప్పటికే చనిపోయాడు.

తెలియక కాదు, తెలిసినా నమ్మక మునిగినవాళ్ళే ఎక్కువని అనిపిస్తుంది ఈ చరిత్ర చూస్తే. 1977లో రేడియో ఉంది, విశాఖలో తుపాను హెచ్చరిక కేంద్రం 1974 నుంచే ఉంది. తుపాను వస్తోందని చెప్పారు. తుపానంటే గాలీ వానా అనుకున్నారు జనం. ఏటా చూసేదే. పాకలకి తాళ్ళు బిగించుకున్నారు, తలుపులేసుకున్నారు. నాగాయలంక, కోడూరు వైపు సముద్రం పది పన్నెండు కిలోమీటర్ల లోపలికి నడిచొచ్చింది. మనిషి ఎత్తుకి మూడింతల నీరు వస్తే తలుపు గడియ ఏం ఆపుతుంది? ఘనపు మీటరు నీళ్ళంటే టన్ను బరువు. దానిలో దూలాలు, తుమ్మ కంపలు, పశువులు కలిసి కొట్టుకొస్తున్నాయి. తాటిచెట్టు ఎక్కగలిగినవాళ్ళు, కాస్త మెరక మీదున్న పక్కా కట్టడం చేరగలిగినవాళ్ళు బతికారు. పదివేలమంది దాకా పోయారని ఒక లెక్క, పద్నాలుగు వేలు దాటారని ఇంకో లెక్క. ఈ తేడా కూడా ఆ రోజు ఎలాంటిదో చెబుతుంది, కుటుంబాలకి కుటుంబాలే పోయినచోట లెక్క చెప్పేవాళ్ళు ఎవరు? పులిగడ్డ దగ్గర స్మారక స్తూపం ఉంది.

పదమూడేళ్ళకి, 1990 మే 9న, మళ్ళీ కృష్ణ మొగ దగ్గరే పెద్ద తుపాను దాటింది. ఉప్పెనా వచ్చింది. పోయినవాళ్ళు వెయ్యికి కాస్త తక్కువ. సముద్రమేం మెత్తబడలేదు. ఈలోపు ఉపగ్రహం వచ్చింది, మచిలీపట్నంలో రాడార్ వచ్చింది, తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు, లక్షలమందిని ముందే తరలించారు. ఉప్పెనకి మందు ఇదొక్కటే, ఎంత చదివినా ఇంకోటి కనిపించలేదు: నీళ్ళొచ్చే చోట మనుషులు లేకుండా చూడటం. గాలి నుంచి దాక్కోవచ్చు, నీళ్ళ నుంచి తప్పుకోవాలి. ఇప్పుడు ఏ ఊళ్ళోకి ఎంత ఎత్తు నీరు రావచ్చో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం) కంప్యూటర్లో లెక్కకట్టి ముందే చెబుతోంది. సముద్రానికి దాదాపు మూడొందల కిలోమీటర్ల దూరంలో, రాళ్ళ గుట్టల నగరంలో కూర్చుని సముద్రం ఎంత లేస్తుందో చెప్పడం కాస్త వింతగా ఉంటుంది కానీ, సునామీ హెచ్చరికలూ అక్కడి నుంచే.

మడ అడవులు ఉప్పెనని ఆపుతాయని ఒక నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. సగం నిజం. అలల్ని అవి బాగా విరగ్గొడతాయి, అల జోరే ఇళ్ళని కూల్చేది కాబట్టి అది తక్కువ మేలేం కాదు. నీటి ఎత్తుని తగ్గించాలంటే మాత్రం కిలోమీటర్ల వెడల్పు అడవి కావాలి. రొయ్యల చెరువుల మధ్య మిగిలిన నాలుగు వరసల మడ చెట్లు ఆ పని చేయలేవు. సరుగుడు తోటలు గాలికి అడ్డం, నీళ్ళకి కాదు.

ఇంకో మార్పు కంటికి కనపడకుండా జరుగుతోంది. డెల్టా నేల తన బరువుకి తానే కొద్దికొద్దిగా కుంగుతూ ఉంటుంది. ఏటా వరద తెచ్చే ఒండ్రు ఆ లోటు పూడ్చేది. శ్రీశైలం, నాగార్జునసాగర్ కట్టాక కృష్ణ ఒండ్రులో చాలా భాగం జలాశయాల అడుగునే ఆగిపోతోంది. నేల కిందికి పోతోంది, మరోపక్క ప్రపంచ సముద్రమట్టం సగటున 1900 నుంచి ఇప్పటికి ఇరవై సెంటీమీటర్ల దాకా పెరిగింది. 1977 నాటి తుపానే, అదే గాలితో, అదే దారిలో మళ్ళీ వచ్చిందనుకున్నా నీరు మొదలయ్యేది ఇదివరకటి కన్నా పై మెట్టు నుంచి.

షెల్టరుకి రమ్మంటే జనం ఎందుకు రారన్నది అధికారులు ప్రతిసారీ అడిగే ప్రశ్న. మూర్ఖత్వం అనుకుంటే తప్పు. ఇంట్లో గేదె ఉంటుంది. పాడి మీద బతికే ఇంటికి అదే బ్యాంకు. దాన్ని వదిలి పోవడానికి మనసొప్పక మగవాళ్ళలో ఒకరు వెనక ఉండిపోతారు. అందుకే తుపాను జాగ్రత్తల జాబితాలో, టార్చిలైటు, అటుకులు, తాగునీళ్ళ తర్వాత ఒక వాక్యం ఉంటుంది, పట్నంలో కూర్చుని చదివేవాళ్ళ కళ్ళకి ఆనదు. ఇల్లు వదిలే ముందు పశువుల పలుపులు విప్పేయండి అని. కట్టేసి ఉన్న గేదె గుంజ దగ్గరే మునిగిపోతుంది. విప్పేస్తే ఈదుతుంది.